గువామ్ 801: డీఎమ్‌ఈ సున్నా చూపిన చోట రన్‌వే లేదు

1997 ఆగస్టు 6, గువామ్ కాలమానం ప్రకారం రాత్రి 1 గంట 42 నిమిషాల 26 సెకన్లు. సియోల్‌లోని కింపో నుంచి వస్తున్న కొరియన్ ఎయిర్ 801, రన్‌వే 6 లెఫ్ట్‌కు ఇంకా 3.3 నాటికల్ మైళ్లు ఉండగానే నిమిట్జ్ హిల్ అనే కొండకు తగిలింది. విమానం బోయింగ్ 747-300, రిజిస్ట్రేషన్ హెచ్‌ఎల్7468. తగిలిన చోటు సముద్రమట్టానికి సుమారు 660 అడుగుల ఎత్తు. లోపల 254 మంది: ఇద్దరు పైలట్లు, ఫ్లైట్ ఇంజినీరు, 14 మంది క్యాబిన్ సిబ్బంది, 237 మంది ప్రయాణికులు. అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ లెక్కలో మృతులు 228, తీవ్ర గాయాలతో బయటపడినవాళ్లు 26. ఇంజిన్లు ఆగలేదు, కంట్రోల్స్ పట్టేయలేదు, ఇంధనం అయిపోలేదు. బాగున్న విమానాన్ని, కొండ ఉందన్న స్పృహ లేకుండా, నేరుగా దాని మీదకు దించారు. సీఫిట్ అంటే ఇదే.

ట్రైనింగ్ క్లాసుల్లో ఈ కేసు ఎత్తగానే చర్చ కాక్‌పిట్‌లో పెద్దా చిన్నా తేడాల వైపు, కొరియా సంస్కృతి వైపు వెళ్లిపోతుంది. ఎన్‌టీఎస్‌బీ ప్రధాన కారణంగా చెప్పింది అది కాదు. నాన్-ప్రెసిషన్ అప్రోచ్‌ను, అంటే ఎత్తు చూపే సంకేతం లేకుండా రన్‌వే వైపు దిగడాన్ని, కెప్టెన్ ముందుగా సిబ్బందికి సరిగా వివరించలేదు (బ్రీఫ్ చేయలేదు), సరిగా నడపలేదు. మిగతా ఇద్దరూ దాన్ని సరిగా గమనించి సరిచూడలేదు. తోడ్పడినవి కెప్టెన్ అలసట, కంపెనీ శిక్షణలోని లోపం, అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ తన సొంత హెచ్చరిక వ్యవస్థను ఆపి పెట్టడం. సంస్కృతి గురించి మాట్లాడుకోవడం తేలిక. దానికి చార్టు తెరవక్కర్లేదు. ఇక్కడ తెరుద్దాం.

చార్టులో ఏముంది

రన్‌వే 6 లెఫ్ట్‌కు ఐఎల్‌ఎస్, అంటే రేడియో సంకేతాలతో దిగే దారి చూపించే వ్యవస్థ, ఉంది. అయితే అందులో దిగే వాలును చూపించే గ్లైడ్‌స్లోప్ భాగాన్ని జూలై 7 నుంచి సెప్టెంబరు 12 దాకా ఆపేశారు. దానికి నోటామ్ (పైలట్లకు ఇచ్చే నోటీసు) ఉంది, అది సిబ్బందికి తెలుసు. మిగిలింది లోకలైజర్ ఒక్కటే. అంటే ఎడమా కుడీ చూపించే సూది ఉంది, ఎంత ఎత్తులో ఉండాలో చూపించే సూది లేదు. అలాంటప్పుడు ఎత్తు దిగడం మెట్లు మెట్లుగా జరగాలి. ఏ మెట్టు ఎక్కడ వస్తుందో డీఎమ్‌ఈ దూరంతో, అంటే నేల మీది ఒక రేడియో పరికరం నుంచి ఎన్ని మైళ్ల దూరంలో ఉన్నామో చూపే అంకెతో, తెలుసుకోవాలి.

చిక్కంతా ఆ డీఎమ్‌ఈతోనే. చాలా విమానాశ్రయాల్లో అది రన్‌వే దగ్గరే ఉంటుంది, అంకె తగ్గుతూ వచ్చి సున్నా దగ్గరికి చేరేసరికి నేల మీద ఉంటాం. గువామ్‌లో డీఎమ్‌ఈ ఉన్నది నిమిట్జ్ వీఓఆర్ అనే, దిక్కు చూపే రేడియో కేంద్రంతో కలిసి, కొండ మీద, రన్‌వే మొదలుకు 3.3 మైళ్ల ఇవతల. మైలురాయి మీద సున్నా కనబడితే ఊరొచ్చేసిందనుకుంటాం. ఈ రాయిని మాత్రం ఊరి బయట కొండెక్కించి పాతారు.

ఆ రోజు పాటించాల్సిన మెట్లు ఇవి. ఫ్లేక్ అనే ఫిక్స్ (చార్టులో గుర్తించిన చోటు), డీఎమ్‌ఈ 7 దగ్గర: అక్కడిదాకా 2,600 అడుగులు. అవుటర్ మార్కర్ గక్వీ, డీఎమ్‌ఈ 1.6: అక్కడిదాకా 2,000కు తగ్గకూడదు. వీఓఆర్, అంటే డీఎమ్‌ఈ సున్నా: అక్కడిదాకా 1,440కి తగ్గకూడదు. వీఓఆర్ దాటాక డీఎమ్‌ఈ అంకె మళ్లీ పెరుగుతుంది, అప్పుడే 560 అడుగుల ఎండీఏకు, అంటే రన్‌వే కనబడకుండా దిగగల ఆఖరి ఎత్తుకు, దిగొచ్చు. అంకె 2.8కి చేరేలోపు రన్‌వే కనబడకపోతే మిస్డ్ అప్రోచ్, అంటే దిగడం మానేసి పైకి లేవడం.

అప్రోచ్ బ్రీఫింగ్‌లో డీఎమ్‌ఈ అంకెలకు 3.3 కలిపి చెప్పుకుంటే చాలు, బొమ్మ మొత్తం మారిపోతుంది. 7 అంటే రన్‌వేకు 10.3 మైళ్లు. 1.6 అంటే 4.9. సున్నా అంటే 3.3. రన్‌వే మొదలు ఎత్తు 256 అడుగులు. వీఓఆర్ దగ్గర ఉండాల్సిన కనీస ఎత్తు 1,440. విమానం ఆ పరిసరాల్లో తగిలింది 660 దగ్గర. తేడా 780 అడుగులు. పావు మైలు అటో ఇటో అయిన పొరపాటు కాదిది, మొత్తం అప్రోచ్‌నే మూడు మైళ్లు ఇవతలికి జరిపేసినట్టు నడిచింది. కెప్టెన్ మనసులో ఏముందో ఎవరూ నిరూపించలేరు. కానీ తాము నిజంగా ఉన్నదాని కంటే విమానాశ్రయానికి దగ్గరగా ఉన్నామని అతను నమ్మి ఉండొచ్చన్న ఎన్‌టీఎస్‌బీ అంచనాకు ఈ అంకెలు సరిపోతాయి.

శిక్షణ సంగతి ఇక్కడే వస్తుంది. కంపెనీ సిమ్యులేటర్‌లో నాన్-ప్రెసిషన్ సాధన అంటే కింపో రన్‌వే 32కు వీఓఆర్/డీఎమ్‌ఈ అప్రోచ్, ప్రతిసారీ అదే. అక్కడ డీఎమ్‌ఈ విమానాశ్రయంలోనే ఉంది. అంకె తగ్గి మళ్లీ పెరిగే అప్రోచ్‌ను సాధన చేయించలేదు. గువామ్‌ను పరిచయం చేసే వీడియోలో ఎక్కువగా చూపింది కళ్లతో చూసుకుంటూ దిగే అప్రోచ్. కెప్టెన్‌కు 8,932 గంటల అనుభవం, అందులో 747 మీద 3,192. నెల ముందు, జూలై 4న, గువామ్‌కు వచ్చి వెళ్లాడు. అప్పటికి గ్లైడ్‌స్లోప్ పనిచేస్తూనే ఉంది. అనుభవం లేని మనిషి కాదు. ఈ ఫలానా అప్రోచ్‌కు సిద్ధం కాని మనిషి.

బ్రీఫింగ్‌లో అతను గ్లైడ్‌స్లోప్ లేదన్నాడు, ఎండీఏ 560 అన్నాడు, రన్‌వే నుంచి ఎత్తు 304 అన్నాడు. మెట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో, వీఓఆర్ దగ్గర ఏం జరుగుతుందో, ఎవరు ఏ అంకె దగ్గర గొంతెత్తి చెప్పాలో రాలేదు. ఎండీఏ ఒక్కటే తెలిస్తే సరిపోయేది గ్లైడ్‌స్లోప్ ఉన్న అప్రోచ్‌కే. మెట్ల అప్రోచ్‌లో ఎండీఏ ఆఖరి మెట్టు మాత్రమే.

ఆల్టిట్యూడ్ సెలెక్ట్ కిటికీ

ఈ కేసులో అందరూ దాటేసి వెళ్లే చిన్న భాగం ఒకటుంది. పాత 747లో ఆటోపైలట్ ప్యానెల్ మీద ఎత్తు ఎంచుకునే కిటికీ. అందులో అంకె పెడితే విమానం దిగుతూ ఆ ఎత్తుకు రాగానే ఆటోపైలట్ దాన్ని పట్టుకుని నిలబెడుతుంది. మెట్ల అప్రోచ్‌లో ఇదే అసలు రక్షణ. మనసు ఎటో పోయినా, రేడియో మోగినా, ఆ అంకె కిందికి విమానాన్ని పోనివ్వదు. కాకపోతే ఒక షరతు: ఫిక్స్ దాటాకే తర్వాతి అంకె పెట్టాలి.

801లో రెండుసార్లూ ముందే పెట్టారు. సుమారు 2,400 అడుగుల దగ్గర, ఇంకా గక్వీ చాలా దూరంలో ఉండగా, 1,440 పెట్టమని కెప్టెన్ చెప్పాడు. దాంతో 2,000 దగ్గర ఆపాల్సిన మెట్టు మాయమైంది. ఆ తర్వాత వీఓఆర్ ఇంకా రాకముందే 560 పెట్టమన్నాడు, ఫస్ట్ ఆఫీసర్ పెట్టాడు. దాంతో 1,440 మెట్టూ పోయింది. ఇక ఆటోపైలట్‌కు 660 అడుగుల కొండ దగ్గర ఆగడానికి కారణమే లేదు; అది 560 దాకా దిగుతూనే ఉంటుంది. రెండోసారి అంకె తిప్పే ముందు ఫస్ట్ ఆఫీసర్ “డీఎమ్‌ఈ ఎంత?” అని ఒక్కసారి చూసి ఉంటే పెట్టేవాడు కాదు. ఎస్‌ఓపీలో, అంటే కంపెనీ పని నియమాల్లో, ఈ వాక్యం ఇలా ఉండాలి: పైలట్ మానిటరింగ్ (నడపకుండా గమనించే పైలట్) ఫిక్స్ పేరు, డీఎమ్‌ఈ, ఎత్తు మూడూ పైకి చెప్పిన తర్వాతే కిటికీలో కొత్త అంకె. కెప్టెన్ ఆదేశించినా సరే.

గ్లైడ్‌స్లోప్ పనిచేస్తోందా?

1:39:44కు కంట్రోలర్ అప్రోచ్‌కు క్లియరెన్స్ ఇస్తూ గ్లైడ్‌స్లోప్ వాడకానికి పనికిరాదని చెప్పాడు. ఫస్ట్ ఆఫీసర్ క్లియరెన్స్ తిరిగి చదివాడు, గ్లైడ్‌స్లోప్ మాట మాత్రం తిరిగి చదవలేదు. కొన్ని సెకన్లకే, 1:39:55కు, ఫ్లైట్ ఇంజినీరు అడిగాడు గ్లైడ్‌స్లోప్ పనిచేస్తోందా అని. పనిచేస్తోంది అన్నాడు కెప్టెన్. ఎందుకు పనిచేస్తోంది అని ఇంకో గొంతు. వాడకూడదు అన్నాడు ఫస్ట్ ఆఫీసర్. ఆఖరికి 1:41:46కు, కొండకు 40 సెకన్ల ముందు, కెప్టెనే మళ్లీ అడిగాడు గ్లైడ్‌స్లోప్ పనిచేయడం లేదా అని. ఎవరూ జవాబివ్వలేదు.

ట్రాన్స్‌మిటర్ ఆగి ఉన్నప్పుడు సూది ఎందుకు కదిలింది? ఆ ఫ్రీక్వెన్సీలో ఎక్కడి నుంచైనా చెత్త సిగ్నల్ వస్తే రిసీవర్ దాన్నే పట్టుకోవచ్చు, హెచ్చరిక జెండా కాసేపు తప్పుకోవచ్చు, సూది ఊగొచ్చు. రిసీవర్లకు ఈ బలహీనత ఉందని ఎన్‌టీఎస్‌బీ కూడా రాసింది. పని చేసేవాళ్ల వైపు నుంచి చూస్తే ఇది సులువైన సంగతే: నోటామ్‌లో లేదన్నది కాక్‌పిట్‌లో ఉన్నట్టు కనబడితే లేనట్టే. సూది కదిలిందని చర్చ పెట్టుకోకూడదు. ఇక్కడ ముగ్గురి దృష్టీ చూడకూడని సూది మీదే నిలిచింది, చూడాల్సిన డీఎమ్‌ఈ అంకెను పైకి చదివినవాళ్లు లేరు.

వాతావరణం కూడా ఈ గందరగోళానికి తోడైంది. కిందికి వస్తున్నప్పుడు దూరం నుంచి గువామ్ దీపాలు కనబడ్డాయి, కాక్‌పిట్‌లో ఊరట వినబడింది. ఆ తర్వాత కొండకూ విమానాశ్రయానికీ మధ్య వాన తెర పడింది. 1:41:48కు కెప్టెన్ వైపర్లు వేయమన్నాడు. రాడార్ మీద ఆ వానను చూసిన కంట్రోలర్ దాన్ని విమానానికీ చెప్పలేదు, టవర్‌కూ చెప్పలేదు. క్లియరెన్స్ ఇస్తూ విమానం ఎక్కడుందో చెప్పాల్సిన మాటా చెప్పలేదు. చెప్పి ఉంటే రన్‌వేకు ఎంత దూరమో ఒకసారైనా చెవిన పడేది. ఒకసారి దీపాలు కనబడితే ఇక కళ్లతోనే దిగొచ్చన్న ఆశ పుడుతుంది. చీకట్లో, సముద్రం మీదుగా, దీపాల్లేని కొండ వైపు వస్తున్నప్పుడు ఆ ఆశ అన్నిటికంటే ప్రమాదకరం.

అలసట గురించి ఎక్కువ చెప్పాల్సిందేమీ లేదు. కెప్టెన్‌ను మొదట దుబాయ్‌కి వేశారు, దానికి సరిపడా విశ్రాంతి లేక గువామ్‌కు మార్చారు. 1:21 ప్రాంతంలో నిద్ర వస్తోందని అతను అన్న మాట రికార్డర్‌లో ఉంది. మామూలుగా నిద్రపోయే వేళ అది.

“మినిమమ్స్” అన్న గొంతు

ఆఖరి 12 సెకన్లు అంకెల్లో చూడాలి. రేడియో ఆల్టిమీటర్‌లో 304 పెట్టి ఉంది, అంటే 560లోంచి రన్‌వే ఎత్తు 256 తీసేస్తే వచ్చేది. 1:42:14కు జీపీడబ్ల్యూఎస్, అంటే నేల దగ్గరైతే హెచ్చరించే పరికరం, “మినిమమ్స్” అంది. ఆ క్షణాన బారో ఆల్టిమీటర్ సుమారు 840 చూపిస్తోంది.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టండి. రేడియో ఆల్టిమీటర్ కింద ఉన్న నేల నుంచి కొలుస్తుంది: 304. బారో సముద్రమట్టం నుంచి: 840. తీసేస్తే కింద నేల 536 అడుగుల ఎత్తులో ఉంది. విమానాశ్రయమేమో మూడొందల లోపు. కాబట్టి కింద ఉన్నది విమానాశ్రయ పరిసరం కాదు, పైకి లేస్తున్న నేల. బారో ఇంకా ఎండీఏకు 280 అడుగులు పైన ఉండగా మినిమమ్స్ వినబడిందంటే అది చార్టులో లెక్క తప్పడం కాదు, మనం ఉన్న చోటు తప్పడం. మూడు సెకన్ల తర్వాత “సింక్ రేట్” అంది. దిగే వేగం నిమిషానికి దాదాపు 1,400 అడుగులు. సింక్ రేట్ పర్వాలేదు అన్నాడు ఫస్ట్ ఆఫీసర్. అప్పటికీ ల్యాండింగ్ చెక్‌లిస్ట్ అంశాలు నడుస్తూనే ఉన్నాయి, అదే వాక్యాల మధ్య.

1:42:19కు ఫ్లైట్ ఇంజినీరు “రెండొందలు” అన్నాడు. ఆ వెంటనే ఫస్ట్ ఆఫీసర్ మిస్డ్ అప్రోచ్ చేద్దాం అన్నాడు. కనబడటం లేదు అన్నాడు ఇంజినీరు. కనబడటం లేదు, మిస్డ్ అప్రోచ్ అని ఫస్ట్ ఆఫీసర్ రెండోసారి. గో అరౌండ్ అన్నాడు ఇంజినీరు. 1:42:23కు కెప్టెన్ గో అరౌండ్ అన్నాడు, ఆటోపైలట్ తీశాడు. ముక్కు సెకనుకు డిగ్రీ చొప్పున మెల్లగా లేచింది. మూడు సెకన్లలో కొండ.

కాబట్టి కిందివాళ్లు నోరు మెదపలేదన్న కథ పూర్తి నిజం కాదు. ఫస్ట్ ఆఫీసర్ చెప్పాడు, నేరుగానే చెప్పాడు. మినిమమ్స్ అన్న క్షణంలోనే ఇంజిన్లు పూర్తిగా పెంచి గట్టిగా పైకి లాగి ఉంటే కొండ దాటే అవకాశం ఉండేదని దర్యాప్తు తేల్చింది. కెప్టెన్ ఆ హెచ్చరికకూ స్పందించలేదు, తర్వాత ఫస్ట్ ఆఫీసర్ మాటకూ సరిగా స్పందించలేదు. మాట ఆలస్యమైంది, చేయి మరీ ఆలస్యమైంది. ఫస్ట్ ఆఫీసర్ నోరు తెరవాల్సింది 1,440 కింద, వీఓఆర్ రాకముందు. అప్పుడు చెప్పడానికి ధైర్యం అంతగా అక్కర్లేదు, అంకె ఒక్కటి చదివితే చాలు.

ఆ తరం జీపీడబ్ల్యూఎస్ నుంచి ఇంతకంటే ఆశించలేం. అది సూటిగా కిందకే చూస్తుంది, ముందున్న కొండ దానికి తెలియదు. పైగా గేర్, ఫ్లాప్స్ దింపి ల్యాండింగ్‌కు సిద్ధమైన విమానం నేలకు దగ్గరవడం సహజమే కాబట్టి, నేల దగ్గరవుతోందని అరిచే భాగాన్ని ఆ స్థితిలో మందగింపజేస్తారు.

నేల మీద నిద్రపోయిన హెచ్చరిక

విమానంలో లేనిది నేల మీద ఉంది. గువామ్ రాడార్ కంప్యూటర్‌లో ఎంఎస్‌ఏడబ్ల్యూ అనే సాఫ్ట్‌వేర్. విమానం ఎత్తు ఆ ప్రాంతపు కనీస ఎత్తు కంటే తగ్గితే కంట్రోలర్ తెర మీద మెరుస్తుంది, శబ్దం చేస్తుంది. 1995 ఫిబ్రవరిలో అనవసర హెచ్చరికలు ఎక్కువవుతున్నాయని రాడార్ చుట్టూ 54 నాటికల్ మైళ్ల దాకా దాన్ని ఆపేశారు. మిగిలింది 54కూ 55కూ మధ్య ఒక్క మైలు వెడల్పు వలయం. దీవి పొడవే ముప్పై మైళ్ల చిల్లర. అంటే దీవి మీద ఎక్కడా హెచ్చరిక రాదు. అదే ఏడాది జూలైలో ఎఫ్‌ఏఏ తనిఖీలో ఇది బయటపడింది, ఎవరూ సరిచేయలేదు.

మామూలుగా నడిచి ఉంటే ఆ వ్యవస్థ 64 సెకన్ల ముందు మోగేదని లెక్క తేలింది. అరవై సెకన్లంటే కంట్రోలర్ చూసి, టవర్‌కు ఫోన్ చేసి, టవర్ రేడియోలో చెప్పి, విమానం పైకి లేవడానికి చాలు. తప్పుడు హెచ్చరికలు విసిగిస్తే ఆ ప్రాంతపు కనీస ఎత్తుల పటాన్ని సరిదిద్దాలి. గువామ్‌లో హెచ్చరికనే ఆపేశారు.

సహాయం కూడా తడబడింది. విమానం తగిలి తెగిపోయిన నూనె పైపు కొండ మీది దారికి అడ్డంగా పడింది. దగ్గరలోని అగ్నిమాపక బండి బ్రేక్ లైన్లలో గాలి నింపుకున్నాకే కదలగలిగింది. మొదటి బృందం చేరేసరికి 52 నిమిషాలు గడిచాయి.

ఇప్పుడైతే ఈ అప్రోచ్‌ను ఎలా నడుపుతారు

ఇప్పటి పద్ధతి సీడీఎఫ్‌ఏ: మెట్లు వదిలేసి, ఒకే వాలులో దిగడం. ఆనాటి చార్టు అంకెలతోనే లెక్క వేద్దాం; ఇది నేర్చుకోడానికి, ఎగరడానికి కాదు. రన్‌వే మొదలు మీద 50 అడుగులు అంటే 306 దగ్గర మొదలుపెట్టి, మైలుకు 346 అడుగుల వాలు తీసుకుంటే వీఓఆర్ దగ్గర 1,448, గక్వీ దగ్గర 2,001 వస్తుంది. రెండు మెట్లూ పైనుంచి దాటినట్టే, చాలా తక్కువ తేడాతో. వెనక్కి లెక్కిస్తే 2,600ను డీఎమ్‌ఈ 3.3 దాకా వదలకూడదు. గ్రౌండ్ స్పీడ్ 150 నాట్లయితే దిగే వేగం నిమిషానికి 865 అడుగులు. 1,400 కనబడితే ఏదో తేడా ఉన్నట్టే.

పట్టిక కాగితం మీద రాసి మోకాలి మీద పెట్టుకోవాలి: డీఎమ్‌ఈ 3 దగ్గర సుమారు 2,490, 2 దగ్గర 2,140, 1 దగ్గర 1,795, సున్నా దగ్గర 1,450, మళ్లీ పెరిగి 1 అయితే 1,100. మానిటరింగ్ పైలట్ ప్రతి మైలుకూ అంకె, ఎత్తు, ఎంత పైన లేదా కింద ఉన్నామో చెప్పాలి. ఇలాంటి అప్రోచ్‌లో రేడియో ఆల్టిమీటర్ మీద మినిమమ్స్ పెట్టకూడదు, బారో మీదే పెట్టాలి. రేడియోను కొండ ఉందో లేదో తెలుసుకోడానికి వాడాలి. వెయ్యి అడుగుల దగ్గర వేగం, వాలు, కాన్ఫిగరేషన్ కుదరకపోతే, ఏ చర్చా లేకుండా గో అరౌండ్.

2000 మార్చిలో ఎఫ్‌ఏఏ, ఆరు లేదా అంతకంటే ఎక్కువ ప్రయాణికుల సీట్లున్న టర్బైన్ విమానాల్లో ముందున్న నేలను పటంతో పోల్చి చెప్పే టాస్ పరికరం తప్పనిసరి చేసింది. పాత విమానాలకు 2005 మార్చి 29 గడువు. అది “పుల్ అప్” అన్నప్పుడు చేయాల్సింది మామూలు గో అరౌండ్ కాదు. ఆటోపైలట్, ఆటోథ్రాటిల్ తీసేయడం, థ్రస్ట్ గరిష్ఠం, రెక్కలు సమం, ముక్కు ఒక్కసారిగా 20 డిగ్రీలకు, స్పీడ్‌బ్రేక్ లోపలికి. నేల దూరమవుతోందని తేలేదాకా గేర్‌నూ ఫ్లాప్స్‌నూ ముట్టుకోకూడదు. పక్కనున్న పైలట్ రేడియో ఆల్టిమీటర్ అంకె పెరుగుతోందా తగ్గుతోందా అన్నది గట్టిగా చదువుతూ ఉండాలి.